రాత్రి బసకు ఏడుగురు వెళ్తున్నారు, మ్యాపు ఎవరి చేతిలో ఉండాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు, మీ భార్య, పదమూడేళ్ల అబ్బాయి, తొమ్మిదేళ్ల పాప, అరవై నాలుగేళ్ల మీ నాన్నగారు, మీ స్నేహితుడు, ఆయన భార్య, మొత్తం ఏడుగురు. జనావాసాలకు దూరంగా కొండల్లో ఒక రాత్రి టెంట్లలో గడపాలనీ, ఆ ఒకటిన్నర రోజులో అందరికీ మ్యాపు, దిక్సూచి వాడటం అలవాటు చేయాలనీ మీ ఆలోచన. చీకట్లో సాధన చేయించవచ్చా, నాన్నగారిని తీసుకెళ్లవచ్చా, చేతిలో ఫోను ఉండగా ఇదంతా అవసరమా అని మూడు సందేహాలు అడిగారు.

వెళ్లండి. నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్లండి. చీకట్లో సాధన కూడా చేయించండి. కానీ మీ ప్రణాళికలో ఒక్క మాట మార్చుకోవాలి. "నేను ముందు నడుస్తూ మ్యాపు చూపిస్తుంటాను, వాళ్లు చూసి నేర్చుకుంటారు" అని రాశారు. అలా ఎవరూ నేర్చుకోరు. ఇరవై ఏళ్లకు పైగా స్నేహితులనూ బంధువులనూ ఇలా వెంటబెట్టుకుని వెళ్తున్నాను. మొదట్లో నేనూ అచ్చం మీరు చెప్పినట్టే చేశాను. మ్యాపు ఒక్కరి దగ్గరే ఉంటే మిగతావాళ్ల కళ్లు ముందు నడిచేవాడి మడమల మీదే ఉంటాయి. వాగు ఎప్పుడు దాటారో, గట్టు ఏ పక్కకు తిరిగిందో సాయంత్రం అడిగితే ఒక్కరూ చెప్పలేరు. ఏడుగురిలో దారి తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారంటే, ఆ ఒక్కరి కాలు బెణికిన క్షణంలో ఏడుగురూ దారి తప్పినట్టే.

కాబట్టి మ్యాపు చేతులు మారాలి. అంచె అంచెకూ ఒకరు. మీరు అందరికంటే వెనక నడవండి. మీ జేబులో ఇంకో మ్యాపు ఉంచుకోండి, ఎక్కడున్నారో మనసులో లెక్క వేసుకుంటూ ఉండండి, అడిగితే తప్ప నోరు తెరవకండి. ఈ యాత్రలో మీకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

వాళ్లు తప్పు చేస్తారు. చేయనివ్వాలి. అందుకే తప్పు చేసినా ప్రమాదం లేని చోటును ఎంచుకోవడం దగ్గరే సగం పని అయిపోతుంది. మ్యాపు పరిచి, చుట్టూ కంచె కట్టినట్టుగా పెద్ద గుర్తులున్న ప్రాంతం వెతకండి. ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క నది లేదా పెద్ద వాగు, మూడో పక్క చెరువు గట్టో కరెంటు స్తంభాల వరుసో ఉంటే, ఎటు దారి తప్పినా ఏదో ఒక గుర్తు దగ్గర ఆగక తప్పదు. "ఎటూ తోచకపోతే దక్షిణం పట్టుకుని నడవండి, రోడ్డు తగులుతుంది" అని తొమ్మిదేళ్ల పాపకు కూడా అర్థమయ్యేలా ఒక్క వాక్యంలో చెప్పగలిగితే ఆ చోటు మంచిది. ఆ మాట చెప్పలేకపోతే చోటు మార్చండి. ఆ కంచె లోపల నిలువు చరియలు, లోతైన నీళ్లు, ఊబి నేలలు ఉండకూడదు.

ఆ భూమి ఎవరిదో కనుక్కుని, రాత్రి ఉండటానికి అనుమతి తీసుకోండి. కొన్ని దేశాల్లో బహిరంగ ప్రదేశాల్లో ఒకటి రెండు రాత్రులు గడిపే హక్కు చట్టంలోనే ఉంది, చాలాచోట్ల లేదు. నిప్పు రాజేయవచ్చో లేదో, అడవి జంతువుల సంగతి ఏమిటో కూడా ఆ మాటల్లోనే తేలిపోతుంది. వెళ్లే దారి, బస చేసే చోటు, తిరిగి వచ్చే గంట కాగితం మీద రాసి ఇంట్లో ఉండే ఒకరికి ఇవ్వండి. ఫలానా సమయానికి కబురు రాకపోతే ఎవరికి ఫోను చేయాలో కూడా అందులో రాయండి.

ఇప్పుడు దూరం. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. చదునైన దారిలో గంటకు 5 కిలోమీటర్లు, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అంటే 5 కిలోమీటర్ల దారిలో 240 మీటర్లు ఎక్కాల్సి ఉంటే 60 నిమిషాలు, పైన 24 నిమిషాలు, మొత్తం 84 నిమిషాలు. ఇది గట్టిగా నడిచేవాళ్ల లెక్క. పిల్లలు, పెద్దాయన, వీపున బరువులు ఉన్నప్పుడు ఒకటిన్నర రెట్లు వేసుకోండి, రెండు గంటలు దాటుతుంది. మ్యాపు చూడటానికి ఆగే సమయం కలిపితే మూడు గంటలు. మొదటి రోజుకు అంతకు మించి వద్దు. అలసిన మనిషి మ్యాపు చదవడు, తనకు నచ్చినట్టు ఊహించుకుంటాడు.

బయల్దేరే వారం ముందు ఇంటి దగ్గరే రెండు పనులు చేయించండి. మొదటిది అడుగుల లెక్క. చదునైన చోట 100 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టి, ఎడమ కాలు నేలకు తగిలిన ప్రతిసారీ ఒకటి చొప్పున లెక్కిస్తూ అందరినీ నడిపించండి. పెద్దవాళ్లకు సాధారణంగా 60 నుంచి 70 మధ్య వస్తుంది. పిల్లలకు ఎక్కువ. ఎవరి అంకె వారిది, ఎవరి మ్యాపు వెనక వాళ్లు రాసుకోవాలి. ఎత్తు ఎక్కేటప్పుడు, గడ్డిలో, చీకట్లో అడుగు చిన్నదై లెక్క పెరుగుతుంది. అందుకని అదే దూరాన్ని ఏదైనా ఏటవాలు మీద ఇంకోసారి నడిపించండి.

రెండోది దిక్సూచి. పారదర్శకమైన పలక మీద తిరిగే చక్రం ఉన్న రకం తీసుకోండి, కనీసం మూడు. పలక అంచును మ్యాపు మీద మనం ఉన్న చోటు నుంచి వెళ్లాల్సిన చోటుకు కలిపి ఉంచాలి. పలక మీది బాణం వెళ్లాల్సిన వైపు చూడాలి. తర్వాత చక్రాన్ని తిప్పి, అందులోని గీతలను మ్యాపులోని ఉత్తర దక్షిణ గీతలకు సమాంతరం చేయాలి. చక్రం మీది ఉత్తరం మ్యాపు ఉత్తరం వైపే ఉండాలి. అప్పుడు బాణం దగ్గర కనిపించే డిగ్రీల అంకెనే బేరింగ్ అంటాం. దిక్సూచిని మ్యాపు మీద నుంచి తీసి, ఛాతీ దగ్గర అడ్డంగా పట్టుకుని, సూది ఎర్ర మొన చక్రంలోని బాణం గుర్తులో కూర్చునేదాకా మనిషి మొత్తం తిరగాలి. చేతిని మాత్రమే తిప్పితే లాభం లేదు. అందరూ చేసే తప్పు, తెల్ల మొనను కూర్చోబెట్టి సరిగ్గా వ్యతిరేక దిశలో నడవడం. నడక మొదలుపెట్టే ముందు "పొద్దు ఎటు ఉంది, మనం ఎటు పోతున్నాం, పొంతన కుదిరిందా?" అని ఒకసారి పైకి చూస్తే ఈ తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

సూది చూపేది అయస్కాంత ఉత్తరాన్ని, మ్యాపులోని ఉత్తరాన్ని కాదు. ఆ రెండింటి మధ్య తేడాను దిక్పాతం అంటారు. అది ప్రాంతాన్ని బట్టి మారుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ కూడా మారుతుంది. మ్యాపు అంచున ఏ ఏడాదికి ఎంతో రాసి ఉంటుంది. ఒక డిగ్రీ లోపలే ఉంటే మీ సాధనకు దాన్ని వదిలేయవచ్చు. పది డిగ్రీలు ఉన్న చోట వదిలేస్తే కిలోమీటరు నడిచేసరికి 175 మీటర్లు పక్కకు పోతారు, అంటే పక్క లోయలో తేలతారు.

దిక్సూచులను బయల్దేరే ముందు ఒకదానితో ఒకటి సరిచూడండి. బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడకూడదు, ఒక సూది ఇంకో సూదిని లాగుతుంది. మనుషులు రెండు మూడు మీటర్ల ఎడంగా నిలబడి, దూరంగా ఉన్న ఒకే చెట్టు వైపు చూసి బేరింగ్ చెప్పాలి. ఒకసారి మా బృందంలో ఒకరి దిక్సూచి ఉత్తరాన్ని దక్షిణంగా చూపింది. ఆరు నెలలుగా అది సంచిలో ఫోను పక్కనే ఉందట. ఫోను స్పీకరులోని అయస్కాంతం సూది ధ్రువాలను తారుమారు చేసేసింది. ఇంటి దగ్గరే బయటపడింది కాబట్టి సరిపోయింది.

ఇక దారిలో. అంచె ఒక్కొక్కటి 500 మీటర్ల నుంచి కిలోమీటరు లోపు ఉండాలి. 1:25,000 స్కేలు మ్యాపులో 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు, 1:50,000 అయితే 2 సెంటీమీటర్లు. మ్యాపు అందుకున్న మనిషి అడుగు కదిపే ముందు నాలుగు మాటలు పైకి చెప్పాలి: ఇప్పుడు ఎక్కడున్నాం, ఎటు ఎంత దూరం పోతున్నాం, దారిలో వరుసగా ఏమేమి కనిపిస్తాయి, దాటిపోతే ఆ సంగతి దేన్ని చూసి తెలుస్తుంది. నాలుగోదాన్ని అందరూ మరిచిపోతారు, అడిగి చెప్పించండి. "కుడి వైపు వాగు కనిపిస్తూ ఉంటుంది, రెండు వాగులు కలిసే చోట ఆగుతాం, దారి నిటారుగా పైకి లేస్తే దాటిపోయినట్టు" అని ఒక పిల్లవాడు చెప్పగలిగితే, వాడు నిజంగా మ్యాపు చదివినట్టే. వాగు, గట్టు, గోడ, అడవి అంచు లాంటివి పక్కన ఉంటే మెట్ల పక్కన చేపట్టులా పట్టుకుని పోవచ్చు. మొదటి రోజు దారంతా అలాంటివే ఎంచుకోండి.

మ్యాపును నేలకు తగ్గట్టు తిప్పి పట్టుకోవడం మొదట్లో పెద్దవాళ్లకు నచ్చదు, అక్షరాలు తలకిందులవుతాయి. పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. ఎదురుగా ఉన్న కొండ మ్యాపులోనూ ఎదురుగానే ఉండాలి, అంతే. బొటనవేలిని మనం ఉన్న చోటున ఆనించి పట్టుకుని, ఒక్కో గుర్తు దాటినప్పుడల్లా వేలిని ముందుకు జరపమనండి. ఆగినప్పుడు వెతుక్కునే పని ఉండదు.

ఒక సంగతి చెప్పాలి. మ్యాపు పిల్లల చేతికి ఇవ్వడం మీద నాకు నమ్మకం కలిగింది ఆ రోజే. పదకొండు మందిమి ఒక లోయ మొదట్లో టెంట్లు వేయాలని వెళ్తున్నాం. సాయంత్రం అయింది, అందరూ అలసిపోయారు. ఒక వాగు దగ్గరికి చేరగానే ఎవరో "ఇదే" అన్నారు. వాగు ఉంది, ఆవలి గట్టున ఏటవాలు ఉంది, మ్యాపులో ఉండాల్సిన చిన్న మడుగు కూడా ఉన్నట్టే ఉంది. నేనూ తల ఊపాను. బరువులు దించేస్తున్నాం. ఆ అంచెకు మ్యాపు పట్టుకున్నది నా స్నేహితుడి కూతురు, పన్నెండేళ్లు. నీళ్ల అంచున నిలబడి మ్యాపును ఉత్తరానికి తిప్పి పెట్టింది. ఒక ఎండుటాకును నీళ్లలో వేసి, అది పోతున్న వైపు చూసింది. "బాబాయ్, మ్యాపులో ఈ వాగు ఎడమ నుంచి కుడికి పారాలి. ఆకు ఎడమ వైపుకు పోతోంది" అంది.

ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ మ్యాపులో గీసే కాంటూరు గీతలు వాగును దాటే చోట మొనదేలి వంగుతాయి, ఆ మొన ఎప్పుడూ ఎగువ వైపే ఉంటుంది. అంతకు రెండు గంటల ముందే ఆ సంగతి అందరికీ చెప్పాను. గుర్తుపెట్టుకున్నది ఆ పిల్ల ఒక్కతే. మధ్యలో ఒక పల్లపు కనుమను గమనించకుండా దాటి, మేం పక్క లోయలోకి దిగామని తేలింది. నలభై నిమిషాలు వెనక్కి నడిచాం. ఆగిపోవాలన్న కోరిక బలంగా ఉన్నప్పుడు కళ్లు సరిపోయిన గుర్తులనే చూపిస్తాయి. అప్పుడు అడగాల్సింది "ఏవేవి సరిపోయాయి?" అని కాదు, "సరిపోనిది ఏది?" అని. ప్రతి అంచె చివరా ఈ ప్రశ్న ఎవరో ఒకరితో అడిగించండి. నేను అప్పటి నుంచి ఈ పని బృందంలో అందరికంటే చిన్నవాళ్లకు అప్పగిస్తున్నాను. పెద్దవాళ్ల మొహమాటం వాళ్లకు ఉండదు.

తప్పును ఎంతవరకు సాగనివ్వాలని మీకు సందేహం రావచ్చు. ప్రమాదం లేని చోటైతే 200 మీటర్ల దాకా చూస్తూ ఊరుకుంటాను. ఆ తర్వాత కూడా "తప్పు" అనను. "చివరిసారి మనం ఎక్కడున్నామో ఖాయంగా తెలిసింది ఎప్పుడు?" అని మాత్రం అడుగుతాను. వాళ్లంతట వాళ్లే వెనక్కి తిరిగి ఆ చోటుకు వెళ్తే, ఆ పాఠం ఇక జన్మలో మరవరు. భార్యాభర్తలు, తండ్రీకొడుకులు ఉన్న బృందంలో ఒకరి తప్పును ఇంకొకరు ఎత్తిపొడవకుండా చూడటం మీ బాధ్యత. మొదటి అంచె మ్యాపు మీ భార్య చేతికి ఇచ్చి, మొదటి తప్పు జరిగినప్పుడు మీరు నిశ్చింతగా కనిపిస్తే మిగతావాళ్లు ధైర్యంగా మ్యాపు అందుకుంటారు.

నాన్నగారికి అడుగుల లెక్క, గడియారం అప్పగించండి. ఆయన అందరికంటే సమంగా, తొందర లేకుండా నడుస్తారు కాబట్టి లెక్క ఆయనదే నిలకడగా ఉంటుంది. జేబులో పది గులకరాళ్లు వేసుకుని, ప్రతి 100 మీటర్లకూ ఒకటి రెండో జేబులోకి మార్చుకోవాలి. "ఆరు రాళ్లు అయ్యాయి, గట్టు మలుపు ఇంకా రాలేదేం?" అని ఆయన అడిగిన రోజున ఆ బృందానికి ఆయన ఎంత అవసరమో అందరికీ తెలుస్తుంది. ఆయన మోకాళ్ల సంగతి చూసుకుని దారి ఎత్తు తగ్గించండి, ఆయన సామాను మిగతావాళ్లు పంచుకోండి.

పొద్దు గుంకడానికి కనీసం రెండు గంటల ముందే బసకు చేరాలి. చోటు గురించి ఎక్కువ చెప్పను. ఎండిపోయిన వాగు గర్భంలో వద్దు, పైన ఎక్కడో కురిసిన వాన అర్ధరాత్రి వచ్చి పడుతుంది. ఎండు కొమ్మలు వేలాడే చెట్టు కింద వద్దు. లోయ అడుగున చలిగాలి దిగి నిలిచిపోతుంది కాబట్టి కాస్త పైన, గాలి చాటున వేసుకోండి. నీళ్లకు 60 మీటర్ల దూరం పాటించండి. మరుగుదొడ్డి గుంట కూడా నీటికీ దారికీ అంతే దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున ఉండాలి. వాగు నీళ్లు బాగా తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరగనివ్వాలి, 2000 మీటర్లకు పైన ఉంటే మూడు నిమిషాలు. ఉరుములు వినిపిస్తే సాధన ఆపేసి గట్ల మీద నుంచి, ఒంటరి చెట్ల దగ్గర నుంచి దిగిపోండి.

టెంట్లు వేసిన వెంటనే, వెలుగు ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది. టెంటు దగ్గర నిలబడి నీళ్ల చోటుకు, మరుగు చోటుకు, వచ్చిన దారికి బేరింగులు తీసి, అడుగులు లెక్కపెట్టి ఒక కాగితం మీద రాయండి. నీళ్లకు 70 డిగ్రీలు, 60 మీటర్లు అనుకోండి. తిరిగి రావడానికి దానికి 180 కలపాలి, 250 డిగ్రీలు. మొదటి అంకె 180 కంటే ఎక్కువైతే కలపకుండా తీసేయాలి. ఆ కాగితాన్ని టెంటు లోపల తలవైపు గుచ్చండి. రాత్రి రెండు గంటలకు పొగమంచులో లేచిన మనిషికి ఇరవై అడుగుల అవతలి టెంటు కూడా కనిపించదు. ఆ కాగితం విలువ అప్పుడు తెలుస్తుంది.

చీకటి సాధన గురించి భయపడకండి, కానీ చిన్నగా ఉంచండి. భోజనాలయ్యాక దీపాలన్నీ ఆర్పి అరగంట ఊరికే కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి తెల్లటి దీపం కళ్లలో పడితే ఆ అలవాటంతా పోయి మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ఎర్ర వెలుగున్న తలదీపాలు తీసుకోండి. లేకపోతే టార్చి అద్దం మీద ఎర్ర కాగితం అంటించండి. అయితే ఎర్ర వెలుగులో మ్యాపు మీది ఎర్ర, గోధుమ రంగు గీతలు మాయమవుతాయి. కాంటూరు గీతలు చాలా మ్యాపుల్లో గోధుమ రంగులోనే ఉంటాయి. చూడాల్సినవి వెలుగు ఉండగానే చూసి పెట్టుకోవాలి.

ఆ అరగంట వృథా కాదు. ఆకాశం తేటగా ఉంటే సప్తర్షి మండలం వెతకండి. గరిటె ఆకారంలో తొట్టి అంచున ఉన్న రెండు చుక్కలు పులహుడు, క్రతువు. ఆ రెండింటినీ కలిపే గీతను పులహుడి నుంచి క్రతువు మీదుగా, వాటి మధ్య దూరానికి ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం దగ్గర ఆగుతుంది. అది నిజమైన ఉత్తరానికి ఒక డిగ్రీ లోపే ఉంటుంది. దిక్సూచి సూదిని దానితో పోల్చి చూడమనండి, దిక్పాతం పెద్దదైన చోట అది అప్పుడు కంటికి కనిపిస్తుంది. సప్తర్షులు దిగంతానికి దిగువన ఉన్న కాలంలో, ఎం ఆకారంలో ఉండే శర్మిష్ఠ నక్షత్ర మండలాన్ని పట్టుకుని ధ్రువుణ్ణి వెతకవచ్చు. ఓరియన్ అనే వేటగాడి నక్షత్ర మండలంలో నడుము పట్టీలా ఉండే మూడు చుక్కలు ప్రపంచంలో ఎక్కడైనా దాదాపు సరిగ్గా తూర్పున పుట్టి పడమట అస్తమిస్తాయి. భూమధ్యరేఖకు దక్షిణాన ధ్రువుడు కనిపించడు కాబట్టి అక్కడివాళ్లకు ఆ మూడు చుక్కలు మరీ పనికొస్తాయి. మీ పాపకు రాత్రి సాధన ఇంతవరకే చాలు.

మిగతావాళ్లు ఇద్దరిద్దరుగా, పగలు ఒకసారి నడిచి చూసిన నేల మీద, 200 మీటర్ల అంచెలు నడవాలి. ఒకరు టెంటు దగ్గర దీపంతో కూర్చోవాలి. ఇద్దరిలో ఒకరు దిక్సూచితో నిలబడి, రెండోవాళ్లను మాట వినిపించేంత దూరం ముందుకు పంపి, "కొంచెం ఎడమకు, ఆగు" అని వరుసలో నిలబెట్టి, తర్వాత తాను వెళ్లి కలుసుకోవాలి. ఇలా దాటుకుంటూ పోతే చూపు ఆనకపోయినా దారి వంకర పోదు. 5 డిగ్రీలు తప్పినా 200 మీటర్లలో 17 మీటర్లే పక్కకు పోతారు. దీపం వెలుగు, విజిల్ చప్పుడు అందే దూరమే అది. చీకట్లో అందరూ "ఎప్పుడో దాటిపోయాం" అంటారు. అడుగుల లెక్క మాత్రం 120 మీటర్లే చూపిస్తుంది. లెక్కనే నమ్మమనండి. పాదాల కింద వాలు ఎటు ఉందో కూడా గమనించమనండి. ఎడమ పాదం ఎత్తులో పడుతూ ఉండాల్సిన దారిలో రెండు పాదాలూ సమంగా పడుతున్నాయంటే దిక్సూచి చూడకుండానే తేడా తెలిసిపోతుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఇంకో ఉపాయం నేర్పండి. వాగు ఒడ్డున మీరు నీళ్లు తెచ్చుకునే చోటుకు 400 మీటర్ల దూరంలో ఉంటే, నేరుగా ఆ చోటుకే గురిపెట్టకండి. వాగు తగిలాక ఎగువకు పోవాలో దిగువకు పోవాలో తెలియదు. కావాలనే 10 డిగ్రీలు ఎగువ వైపు గురిపెట్టండి. వాగును దాదాపు 70 మీటర్లు ఎగువన తాకుతారు, ఇక దిగువకు తిరగడమే.

ఎవరైనా విడిపోతే ఏం చేయాలన్నది బయల్దేరే ముందే, పిల్లలకు ముందుగా చెప్పండి. ఆగిపోవాలి, ఒక చెట్టునో బండనో పట్టుకుని అక్కడే కూర్చోవాలి, విజిల్ ఊదాలి. విజిల్ సంచిలో కాదు, మెడలో ఉండాలి, నిద్రలో కూడా. నిమిషంలో ఆరుసార్లు ఊదడం, ఒక నిమిషం ఆగడం, మళ్లీ ఊదడం చాలా కొండ ప్రాంతాల్లో గుర్తించే ఆపద సంకేతం. దానికి జవాబు మూడుసార్లు. కొన్ని దేశాల్లో మూడుసార్లు ఊదడమే ఆపద సంకేతం, కాబట్టి మీరు వెళ్లే చోట ఏది వాడుకలో ఉందో అడిగి అదే నేర్పండి. ఒకసారి అందరితో ఊదించి చూడండి. మొదటిసారి ఊదడానికి పిల్లలు సిగ్గుపడతారు, ఆ సిగ్గు ముందే పోవాలి.

ఫోను విషయం. ఫోనుకు నేను వ్యతిరేకిని కాను. సిగ్నలు లేకపోయినా అది ఉపగ్రహాల సాయంతో మనం ఉన్న చోటు చెప్పగలదు, మ్యాపు ముందే దించుకుని ఉంటే చాలు. దట్టమైన చెట్ల కింద, ఇరుకు లోయల్లో పొరపాటు పడుతుంది. చలికి బ్యాటరీ త్వరగా అయిపోతుంది. రెండు ఫోన్లు నిండా చార్జి చేసి, ఆపేసి, నీళ్లు చొరని సంచిలో వేసి వేర్వేరు మనుషుల దగ్గర ఉంచండి. ఇంకో ఫోనును మీ సంచి అడుగున వేసి, నడిచిన దారిని నమోదు చేయనివ్వండి. సాయంత్రం బయటకు తీసి, పొద్దున మీరంతా పెన్సిలుతో గుర్తుపెట్టుకున్న దారి పక్కన పెట్టి చూడండి. ఎక్కడ తేడా వచ్చిందో చూసి వాదించుకోవడం ఆ సాయంత్రం పిల్లలకు ఎంత ఇష్టమవుతుందో మీరే చూస్తారు. దిక్సూచి చూసేటప్పుడు మాత్రం ఫోను, కత్తి, బెల్టు బకిలీ దగ్గర్లో ఉండకూడదు. కరెంటు తీగల కింద, కారు పక్కన నిలబడి బేరింగ్ తీయకూడదు.

రెండో రోజు పొద్దున దగ్గర్లోని ఎత్తైన చోటు ఎక్కండి. మ్యాపులో గుర్తించగలిగిన మూడు శిఖరాలకో గుట్టలకో బేరింగులు తీసి, దిక్పాతం సరిచేసి, వాటి దగ్గర నుంచి వెనక్కి గీతలు గీయించండి. మూడూ ఒక్క చుక్క దగ్గర కలవవు, చిన్న త్రిభుజం వస్తుంది. మీరు ఆ త్రిభుజం లోపలో, దానికి దగ్గరలోనో ఉన్నారు. త్రిభుజం పెద్దదైతే ఏదో ఒక శిఖరాన్ని తప్పుగా గుర్తించారు, మళ్లీ చూడండి. తిరుగు దారి వచ్చిన దారి కాకూడదు. చివరి అంచె మీ అబ్బాయికి ఇవ్వండి, మిగతావాళ్లంతా యాభై మీటర్లు వెనక నడవండి. ముందు ఎవరూ లేకుండా నడవడం ఎలా ఉంటుందో పదమూడేళ్ల వయసులో తెలియడం మంచిది. కూడలి దగ్గర వాడు ఆగి వెనక్కి చూస్తాడు. అప్పుడు ఎవరూ చెయ్యి ఊపకూడదు.

ఇంటికి చేరిన సాయంత్రం, మ్యాపు తీసి దాచేసి, తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి నడిచిన దారిని జ్ఞాపకం మీద గీయమనండి. నాన్నగారి కాగితంలో దూరాలు సరిగ్గా వస్తాయి, మీ స్నేహితుడి కాగితంలో గట్లు బాగా వస్తాయి. పాప కాగితంలో కొలతలు కుదరవు, టెంటు కొండంత ఉంటుంది. కానీ వాగు పక్కన, నీళ్లు పారే వైపుకు బాణం గుర్తు వేసిందేమో చూడండి. వేసి ఉంటే వచ్చేసారి మొదటి అంచె మ్యాపు తనకే ఇవ్వండి.